అంధుల కంప్యూటర్ వినియోగంలో కీబోర్డు ఆజ్ఞల ఏకరూపత

చూపు లేని వారు కంప్యూటర్‌పై పనిచేసేటప్పుడు మౌస్‌ను వాడరు. తెరపై బాణపు గుర్తు ఎక్కడ ఉన్నదో కనిపించనప్పుడు దాని వలన ప్రయోజనం లేదు. వారి పని అంతా కీబోర్డు మీదనే సాగుతుంది. తెరపై ఉన్న అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. ఏ మీట నొక్కితే ఆ సాఫ్ట్‌వేర్ ఏమి చదవాలో, ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించే సంకేతాలే కీబోర్డు ఆజ్ఞలు. ఇవి ఒక్కొక్క సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క విధంగా ఉండడం వలన కలుగుతున్న ఇబ్బందులను, ఏకరూపత దిశగా జరిగిన కృషిని ఈ వ్యాసంలో వివరించడమైనది.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పొలాలలో పని చాలవరకు కంటితో ముడిపడినది. ఆకుముడతను తొలిదశలోనే గుర్తించాలన్నా, కల్లంలో ఆరబోసిన మిరపలో తాలుకాయలను ఏరివేయాలన్నా చూపే ఆధారం. అందువలన ఈ ప్రాంతపు రైతు, కూలి కుటుంబాలలో పుట్టిన అంధ విద్యార్థికి చదువు, దాని వెంట వచ్చే ఉద్యోగం ఎంతో ముఖ్యమైనవి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రభుత్వోద్యోగాలలో కనీసం 4 శాతం రిజర్వేషన్ కల్పించినది. అందులో 1 శాతం అంధులకు, అల్పదృష్టి గల వారికి ఉద్దేశించినది. బ్యాంకు కొలువులతో సహా అనేక ఉద్యోగాల పరీక్షలు ఇప్పుడు కంప్యూటర్‌పైనే జరుగుతున్నవి. అందుచేత మీటల ప్రశ్న బతుకుతెరువు ప్రశ్న అయినది.

ఒకే మీట - వేర్వేరు ఫలితాలు

ప్రమాదంలో చూపు కోల్పోయిన అమెరికా మోటార్‌సైకిల్ పందెగాడు టెడ్ హెంటర్ నెలకొల్పిన సంస్థ 1989లో డాస్ కంప్యూటర్ల కొరకు ‘జాస్’ అనే స్క్రీన్ రీడర్‌ను విడుదల చేసినది. ఇది ఖరీదైనది. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన అంధ యువకుడు మైకేల్ కరన్ ఉచితంగా అందరికీ లభించే ‘ఎన్‌విడిఎ’ రూపకల్పనకు పూనుకున్నారు. విండోస్‌తో పాటే వచ్చే ‘నేరేటర్’, లైనక్స్‌లో వాడే ‘ఆర్కా’ కూడా ప్రచారంలో ఉన్నవి. శిక్షణ కేంద్రంలో జాస్‌పై నేర్చుకొని, ఇంటి వద్ద ఎన్‌విడిఎ వాడుకొనే విద్యార్థికి ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఆబ్జెక్టివ్ పరీక్షను ఉదాహరణగా తీసుకొనవచ్చును. ప్రశ్న కింద నాలుగు జవాబులు, ఒక్కొక్కదాని పక్కన ఒక గుండ్రని బటన్ ఉంటాయి. దీనిని రేడియో బటన్ అంటారు. వెబ్ పేజీగా తయారైన ప్రశ్నపత్రంలో ఎన్‌విడిఎ వాడేవారు ‘ఆర్’ అక్షరం నొక్కితే నేరుగా ఈ బటన్ వద్దకు చేరుకుంటారు. జాస్‌లో అదే ‘ఆర్’ నొక్కితే పేజీలోని మరొక విభాగానికి వెళ్లిపోతారు. అక్కడ రేడియో బటన్‌కు ‘ఎ’ నొక్కాలి. ‘కె’ అక్షరం ఎన్‌విడిఎలో తరువాతి లింకుకు తీసుకువెళ్తుంది, జాస్‌లో వినియోగదారుడు ముందుగా పెట్టుకున్న గుర్తు వద్దకు తీసుకువెళ్తుంది. చూపున్న అభ్యర్థికి గది మారినా తెర అదే. అంధ అభ్యర్థికి సాఫ్ట్‌వేర్ మారితే దారి మారిపోతుంది, గడియారం మాత్రం ఆగదు.

అయితే అన్నీ తేడాలే అనుకొనడం సరికాదు. శీర్షికకు ‘హెచ్’, పట్టికకు ‘టి’, కిటికీ పేరు వినడానికి ఇన్‌సర్ట్‌తో ‘టి’ - ఇవి జాస్‌లోను, ఎన్‌విడిఎలోను ఒకటే. ఏకబిగిన చదివించడానికి ఇన్‌సర్ట్‌తో కింది బాణం రెండింటిలోను పనిచేస్తుంది. మిర్చి ధరల పట్టికలో తేజ, బాడిగ, 334 రకాల ధరలను గడి గడిగా వినదలచిన వారు కంట్రోల్, ఆల్ట్ మీటలను పట్టుకొని బాణపు మీటలు నొక్కితే చాలును, ఇదీ రెండింటికీ సమానమే. పోటీదారులు ఒకరినొకరు చూసి నేర్చుకున్నందున ఈ పొందిక చాలావరకు తనంతట తానే వచ్చినది. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 సవరణలో మైక్రోసాఫ్ట్ సంస్థ నేరేటర్ ఆజ్ఞలను మార్చి, ఇతర స్క్రీన్ రీడర్ల వాడుకరులకు పరిచయమైన అమరికను ప్రవేశపెట్టినది. నేరేటర్ మీటగా క్యాప్స్ లాక్‌ను గాని, ఇన్‌సర్ట్‌ను గాని వాడవచ్చును.

ల్యాప్‌టాప్‌ల విషయంలో చిక్కు మిగిలే ఉన్నది. చాలా ల్యాప్‌టాప్‌లలో సంఖ్యల మీటల వరుస ఉండదు. అందువలన ఎన్‌విడిఎలో డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ అని రెండు అమరికలు ఉన్నవి. ల్యాప్‌టాప్ అమరికలో ఏకబిగిన చదివించే ఆజ్ఞ కింది బాణానికి బదులు ‘ఎ’ అక్షరానికి మారుతుంది. ఒకే సాఫ్ట్‌వేర్‌లోనే ఇంత తేడా ఉన్నదని బోధకులు తొలిరోజే చెప్పడం మంచిది.

బ్రెయిలీ చూపిన బాట

ఇటువంటి సమస్యను మన దేశం ఒకసారి పరిష్కరించుకున్నది. పూర్వం ప్రాంతానికొక బ్రెయిలీ లిపి వాడుకలో ఉండేది. యునెస్కో సహకారంతో జరిగిన సంప్రదింపుల అనంతరం 1951లో భారతీ బ్రెయిలీ ఆమోదం పొందినది. తెలుగు ‘క’కు, హిందీ ‘క’కు నేడు ఒకే చుక్కలు. భారతీయ భాషల టైపింగ్‌కు 1986లో రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికదీ అదే సూత్రం. దీనిలో ఏ భారతీయ లిపిలోనైనా ‘క’ అక్షరం ఇంగ్లీషు ‘కె’ మీటపైనే ఉంటుంది. తెలుగు అచ్చుపనిలో మాత్రం ఆపిల్, మాడ్యులర్ వంటి అమరికలు పాతుకుపోయినవి. మీటలను వేళ్లతోనే గుర్తుంచుకొనే అంధులకు ఇన్‌స్క్రిప్ట్ అమరికయే మేలని చెప్పవచ్చును.

ఆజ్ఞలు ఎంత ఏకరూపమైనా పేజీ సహకరించకపోతే ఫలితం ఉండదు. శీర్షికను శీర్షికగా గుర్తించక, కేవలం పెద్ద అక్షరాలలో పెట్టిన పేజీలో ‘హెచ్’ నొక్కినా స్క్రీన్ రీడర్‌కు ఏమీ దొరకదు. స్కాన్ చేసి బొమ్మగా ఉంచిన ఉత్తర్వు మరీ కష్టం. యూనికోడ్‌లో లేని పాత ఫాంట్లతో తయారైన తెలుగు పాఠమైతే, అక్షరాల వెనుక రోమన్ సంకేతాలు ఉన్నందున, అర్థంలేని ఇంగ్లీషు ముక్కలుగా వినిపిస్తుంది. యూనికోడ్‌లో ఉన్న తెలుగును ఎన్‌విడిఎతో వచ్చే ఈస్పీక్ స్వరం చదువగలదు. యంత్రపు యాస ఉన్నా, అలవాటుపడిన వారు దానిని మిక్కిలి వేగంగా వింటారు. కొన్ని వెబ్‌సైట్లు ఏక అక్షర మీటలను తమ సొంత పనులకు కేటాయించుకుంటున్నవి. అటువంటి మీటలను ఆపివేసే లేదా మార్చుకొనే వీలు ఉండాలని 2018 జూన్‌లో వెలువడిన అంతర్జాతీయ వెబ్ సౌలభ్య ప్రమాణాలు 2.1 నిర్దేశించినవి.

పరీక్షల విషయంలో కేంద్ర దివ్యాంగుల సాధికారత విభాగం 2018 ఆగస్టు 29న జారీచేసిన మార్గదర్శకాలు గమనించదగినవి. సొంత కంప్యూటర్ తెచ్చుకొనడాన్ని అవి అనుమతించలేదు, కీబోర్డు వంటి ఉపకరణాలను అనుమతించినవి. కేంద్రంలోని కంప్యూటర్‌ను ఒకరోజు ముందుగా పరీక్షించి చూసుకొనే అవకాశం కూడా కల్పించినవి. ఇటువంటి అవకాశం లభించినప్పుడు అభ్యర్థి తప్పక వెళ్లి, అక్కడ ఉన్నది ఏ స్క్రీన్ రీడర్, అమరిక డెస్క్‌టాప్‌దా ల్యాప్‌టాప్‌దా, ఇన్‌సర్ట్ మీట పనిచేస్తున్నదా, రేడియో బటన్‌కు ‘ఆర్’ నొక్కాలా ‘ఎ’ నొక్కాలా, చదివే వేగాన్ని మార్చుకొనవచ్చునా అనే విషయాలను స్వయంగా నొక్కి చూసుకొనవలెను.