బడి చూసి ఇల్లు చూడు

పొట్ట చేతపట్టుకుని పల్లె నుంచి ఒంటరిగా దుబాయి వెళ్లినవారికి మంచం వేసుకునే చోటు దొరికితే చాలు. భార్యాబిడ్డలను తీసుకువెళ్లేవారికి మాత్రం ఏ పేటలో ఇల్లు తీసుకోవాలన్నది పెద్ద సమస్యే.

నెలకు 4 వేల దిర్హాముల జీతం గానీ, 3 వేల జీతంతోపాటు కంపెనీ వసతి గానీ ఉంటేనే భార్యాబిడ్డలకు వీసా వస్తుంది. అక్కడి ప్రభుత్వ బడులు ప్రధానంగా ఆ దేశస్థుల పిల్లలకే. మనవారు ప్రైవేటు బడులలో ఫీజు కట్టుకోవలసిందే. బస్సు చార్జీ వేరు. భారతీయ బడులలో తరగతులు ఏప్రిల్‌లో మొదలవుతాయి కనుక, సీటు ఖాయమైన తర్వాతే ఇల్లు చూసుకోవడం మేలు.

కరామా, ఊద్ మేథా, ఖుసైస్ పేటలలో భారతీయ కుటుంబాలు ఎక్కువ. 1961లో మొదలైన ఇండియన్ హైస్కూలు ఊద్ మేథాలోనే ఉంది. అద్దె తక్కువని చాలామంది పక్కనున్న షార్జాలో కాపురం పెడతారు. 2009లో మొదలైన దుబాయి మెట్రో రైలు అక్కడి వరకు లేదు. బారులు తీరిన కార్ల మధ్య నుంచి తండ్రి ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోతారు. మిగిలిన అద్దెకు ఇదీ మూల్యమే.

అద్దె ఏడాది లెక్కన ఉంటుంది. రాబోయే తేదీలు వేసిన చెక్కులు ఇవ్వాలి. ఒప్పందాన్ని ‘ఎజారీ’లో నమోదు చేయించుకోవాలి. దళారి మాట నమ్మి ఊరి నుంచే డబ్బు పంపరాదు. ఇంటిపెద్ద ముందుగా వెళ్లి పని, బడి, ఇల్లు ఈ మూడింటి మధ్య దారి స్వయంగా తిరిగి చూసుకుని, ఆ తర్వాతనే పిల్లలకు టిక్కెట్లు కొనడం మంచిది.