తెర ముందున్న పిల్లలను ఎవరు చూస్తున్నారు?

మాకు అందే ఉత్తరాల్లో ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా కనిపిస్తోంది. రాసేది ఎక్కువగా తల్లులే. "మా అబ్బాయి ఆన్‌లైన్‌లో చదువుతున్నానంటాడు, తలుపు వేసుకుంటాడు. అన్నానికి పిలిస్తే విసుక్కుంటాడు. నిజంగా చదువుతున్నాడా?" అని. ఈ ప్రశ్నకు జవాబు మా దగ్గర లేదు. అందుకే కరీంనగర్, సిరిసిల్ల, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు సంఘాలకు వెళ్ళినప్పుడల్లా డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే యౌవనస్థులను కూర్చోబెట్టుకుని అడుగుతూ వచ్చాం. ఆన్‌లైన్ చదువు మీకు ఇష్టమేనా? అది మీ మనసుకు ఏం చేసింది?

సిరిసిల్ల కుర్రవాడొకడు చెప్పిన మాటను అతని మాటల్లోనే రాస్తాం. "సార్ పాఠం మంచిగనే చెప్తుండె అయ్యగారూ. మా ఇంట్ల నాలుగు సాంచలు నడుస్తయి. సార్ గొంతు వినపడాలంటే సాంచలు ఆపాలె. సాంచలు ఆపితే ఫోన్ బిల్లు ఎట్ల కట్టాలె?" జగిత్యాల వైపు అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. కెమెరా పెట్టమన్న ప్రతిసారీ సిగ్నల్ లేదని అబద్ధం చెప్పేదట. ఉన్నది ఒకే గది, వెనుక అమ్మ బీడీలు చుడుతూ కనిపిస్తుందని. అమ్మ చేసే పని గురించి తనకు సిగ్గు లేదనీ, క్లాసులో అరవై మంది చూస్తారంటే మాత్రం చెయ్యి ఆడలేదనీ చెప్పింది. ఈ పిల్లలను సోమరులనగలమా?

జరిగినది ఒకసారి గుర్తు చేసుకోవాలి, ఎందుకంటే పెద్దలం త్వరగా మరచిపోతున్నాం. 2020 మార్చిలో కాలేజీలు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో పాఠాలు ఆన్‌లైన్‌లోనూ, టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్ళలోనూ మొదలయ్యాయి. ఆ సంవత్సరం ఇంటర్‌లో చేరిన పిల్లలు కాలేజీ గుమ్మం ఎక్కింది 2021 ఫిబ్రవరి 1న. మార్చి 24 నాటికి మళ్ళీ తలుపులు మూసేశారు. అంటే మొదటి సంవత్సరం మొత్తంలో బెంచీ మీద కూర్చున్నది రెండు నెలలు కూడా లేదు. పరీక్షలు లేకుండానే వారిని రెండో సంవత్సరానికి పంపారు. తర్వాత అక్టోబరు 25 నుంచి మొదటి సంవత్సరం పరీక్షలు పెట్టారు. డిసెంబరు 16న ఫలితాలు వస్తే నూటికి 49 మందే పాసయ్యారు. రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. కొన్ని ఇండ్లలో పిల్లలే దక్కలేదు. చివరికి డిసెంబరు 24న ప్రభుత్వం ఫెయిలైన వారందరికీ కనీస మార్కులు వేసి పాసైనట్టు ప్రకటించింది.

పాసైతే అయ్యారు. కానీ "నాకు ఏమీ రాదు, ఊరికే పాస్ చేశారు" అన్న భావం చాలామందిలో అలాగే మిగిలిపోయింది. వారే తర్వాత డిగ్రీలో చేరారు, ఇప్పుడు ఉద్యోగాలకు పోటీ పడుతున్నారు. పోటీ పరీక్షల ఫారం నింపడానికి కూడా భయపడే ఒక పట్టభద్రుణ్ణి మేము ఎరుగుదుము. అతని దిగులుకు మూలం ఈ నాటిది కాదు.

ఇందులో సగం ఫోన్ కథ, సగం డబ్బు కథ. 2017–18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పల్లె కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి నూటికి నాలుగు చిల్లర, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి పదిహేను. పట్టణాల్లో ఇంటర్నెట్ ఉన్న ఇండ్లు నూటికి 42. కరోనా వచ్చినప్పుడు మనం ఉన్నది దాదాపు ఆ స్థితిలోనే. మన ప్రాంతంలోనే ఎంత తేడా ఉందో చూడండి. గోదావరిఖని, మందమర్రి సింగరేణి క్వార్టర్లలో ఉన్న పిల్లవాడికి సిగ్నల్ బాధ అంతగా లేదు. ఉట్నూరు దాటి నార్నూర్, గాదిగూడ వైపు వెళితే ఫోన్ పట్టుకుని గుట్ట ఎక్కిన పిల్లలున్నారు. అక్కడి గోండు, కొలాం పిల్లలకు ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, డిగ్రీకి వచ్చేసరికి ఇంగ్లిషు. తరగతిలోనైతే అర్థం కానిది పక్కవాడి నోట్‌బుక్ చూసి పట్టుకోవచ్చు. తెరలో పక్కవాడు ఉండడు. అదే పత్తి ఏరే కాలం కూడా. కాలేజీ లేదు కదా అని చేనుకు తీసుకుపోయిన తల్లిదండ్రులను తప్పు పట్టడం మాకు చేతకాదు.

ఇంతవరకే రాస్తే సగమే రాసినట్టు. ఆన్‌లైన్ చదువును ఇష్టపడే పిల్లలూ మాకు తక్కువేమీ కనిపించలేదు, వారి కారణాలు కూడా గట్టివే. అర్థం కాని పాఠాన్ని ఆపి, వెనక్కి తిప్పి, మూడుసార్లు వినవచ్చు. క్లాసులో లేచి నిలబడి అడగలేని సిగ్గరి పిల్ల చాట్‌లో టైపు చేసి అడుగుతుంది. పగలు జిన్నింగు మిల్లులో పనిచేసి రాత్రి పోటీ పరీక్షల పాఠాలు వినే యువకులున్నారు. హైదరాబాదు కోచింగుకు పంపడానికి ఇంట్లో ఒప్పుకోని ఆడపిల్లలు టీశాట్ నిపుణలో ఉచితంగా వింటున్నారు. వారిని ఆన్‌లైన్ వద్దనమంటే మన మీద నవ్వుతారు. పైగా అది పోయే వస్తువు కాదు. 2021లో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో నూటికి 40 వంతుల దాకా కోర్సులను స్వయం వేదిక మీద చేయవచ్చు.

రెండు రకాల పిల్లల మాటలనూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచిస్తే మాకు తోచింది ఇది. వారికి వ్యతిరేకత పాఠం మీద కాదు, తెర మీద కూడా కాదు. తమను ఎవరూ చూడని చోట కూర్చోవలసి రావడం మీద. తరగతి గదిలో మాష్టారు పాఠం ఒక్కటే చెప్పడు. మూడో బెంచీలో కూర్చున్న పిల్ల వారం రోజులుగా మాట్లాడడం లేదని అతనికి కనిపిస్తుంది. "ఏమయిందమ్మా?" అంటాడు. స్నేహితుడు భుజం తట్టి చాయ్‌కి లాక్కుపోతాడు. బస్సులో నవ్వుకుంటారు. వీటిని సిలబస్‌లో ఎవరూ రాయలేదు కాబట్టి ఆన్‌లైన్‌కు మారినప్పుడు ఎవరూ లెక్కపెట్టలేదు. ఒక డిగ్రీ విద్యార్థి రెండు నెలలు మ్యూట్‌లో పెట్టి నిద్రపోయానని చెప్పాడు. అతన్ని బాధించింది పాఠాలు పోవడం కాదు. "ఒక్కరు గూడ ఎందుకు రాలేదని అడగలే" అన్నాడు.

అలసట విషయానికి వస్తే, అది నటన కాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బెయిలెన్సన్ 2021లో దీనికి నాలుగు కారణాలు చెప్పారు. ఎన్నో ముఖాలు అతి దగ్గరగా కళ్ళలోకి చూస్తున్నట్టుండడం, మన ముఖం మనకే ఎప్పుడూ కనిపిస్తుండడం, కదలకుండా ఒకేచోట ఉండడం, సైగలు అందక మెదడు ఎక్కువ శ్రమపడడం. ఆయన చెప్పింది వీడియో సమావేశాలన్నిటి గురించి. మన పిల్లలకైతే దానికి చిన్న తెర, తక్కువ డేటా, ఉక్కపోసే గది కలిశాయి. పగలు ఇంట్లో సందడి కాబట్టి రాత్రి వింటారు. రాత్రి విన్నవాడు తెల్లవారుజాము దాకా ఇంకేదో చూస్తాడు. నిద్ర చెడుతుంది, నిద్రతో పాటు ఆకలి, ఆకలితో పాటు మాట. తలుపు వేసుకున్న కొడుకు గురించి రాసిన ఆ తల్లి చూస్తున్నది బహుశా ఇదే.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో ఫోన్ మీద మేము చేసిన ప్రసంగాలు కొన్ని తలచుకుంటే ఇప్పుడు ఇబ్బందిగా ఉంటుంది. చదువు కోసం పగలంతా ఫోన్ పట్టుకోక తప్పని పిల్లవాడికి ఆదివారం వచ్చి ఫోన్ పట్టుకోవడమే పాపమన్నట్టు చెప్పాం. దిగులుగా ఉన్న అమ్మాయికి ప్రార్థన తగ్గిందేమో చూసుకోమన్నాం. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు ముందు ఇచ్చింది నిద్ర, రొట్టె, నీళ్ళు. ప్రశ్న అడిగింది ఆ తర్వాత. ఈ వరుసను సెమినరీలో చదువుకున్నాం, పిల్లల దగ్గరకు వచ్చేసరికి తిరగేశాం.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, ఇష్టమైన పనులు కూడా చేయబుద్ధి కాకపోయినా, "నేను లేకపోతేనే మంచిది" అన్న మాట ఒక్కసారి వినిపించినా అది మందలింపుతో పోయేది కాదు. చివరి మాట వినిపిస్తే రెండు వారాలు ఆగకూడదు, ఆ రోజే కదలాలి, ఒంటరిగా వదలకూడదు. టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవకు డబ్బు కట్టనక్కరలేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆదిలాబాద్ రిమ్స్ వంటి బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. అక్కడికి వెళితే పెండ్లి సంబంధాలు రావని భయపడే కుటుంబాలకు మేము ఒకటే చెబుతున్నాం. కామెర్లు వస్తే దాచలేదు కదా?

అధ్యాపకులను అడగదగినది చిన్నదే. కెమెరా పెట్టమని పట్టుబట్టకుండా వారానికొకసారి పదేసి మందికి ఫోన్ చేసి పేరు పెట్టి పలకరించడం. ఆ పని చేసిన లెక్చరర్లు అప్పుడూ ఉన్నారు, వారి పేర్లు పిల్లలకు నేటికీ గుర్తున్నాయి. తల్లిదండ్రులు "చదువుతున్నావా?" అన్న ప్రశ్నకు బదులు "ఇవాళ ఏం విన్నావు, నాకూ చెప్పు" అని అడిగి చూడవచ్చు. ఆ తల్లికి మేము రాసిన జవాబు కూడా ఇదే. అర్థం కాకపోయినా ఫరవాలేదు, వాడు చెబుతుంటే వాడి ముఖం చూడమన్నాం.

మన మందిరాల్లో చాలా గదులు ఆదివారం తప్ప ఆరు రోజులు తాళం వేసి ఉంటాయి. ఒక వైఫై, రెండు ఫ్యాన్లు, పది కుర్చీలు, తాగునీరు చాలు. ఏ మతం పిల్లలైనా సాయంత్రం వచ్చి పాఠం వినవచ్చునని బయట బోర్డు పెట్టాలి. అక్కడ ప్రసంగం ఉండకూడదు. ఒక పెద్దమనిషి మాత్రం గుమ్మం దగ్గర కూర్చోవాలి, నిన్న వచ్చి ఇవాళ రాని పిల్లవాడికి ఫోన్ చేయడానికి.