ఊపిరితిత్తిలో పుట్టే ఎముక

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ దాటి వికారాబాద్ చేరతాం. ఆ పక్కనే అనంతగిరి గుట్టల్లో టీబీ శానిటోరియం. క్షయకు మంచి గాలే మందుగా ఉన్న కాలం నాటి ఆలోచన అది. ప్రపంచంలో ఏటా వచ్చే క్షయ కేసుల్లో ఇప్పటికీ దాదాపు నాలుగో వంతు మన దేశానివే. అందుకే ఛాతీ ఎక్స్‌రేలో గట్టి తెల్లమచ్చ కనబడగానే ‘పాత టీబీ మచ్చ’ అన్న మాట వస్తుంది. చాలాసార్లు ఆ మాట నిజమే. మానిన పుండులో సున్నం పేరుకుంటుంది.

అరుదుగా మాత్రం అది వట్టి సున్నం కాదు, అసలైన ఎముక. అదీ క్యాన్సర్ గడ్డ లోపల!

సున్నం పేరుకోవడం వేరు, ఎముక పుట్టడం వేరు. చచ్చిన కణజాలంలో కాల్షియం దానంతటదే దిగుతుంది. ఎముక కావాలంటే దాన్ని కట్టే కణాలు ఉండాలి, పొరలు పొరలుగా అమరాలి. కొన్ని గడ్డల్లో ఆ ఎముక మధ్యన మూలుగ కూడా కనిపిస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఈ వింత ఎక్కువగా అడినోకార్సినోమా రకంలో నమోదైంది. ఎముకలోనే పుట్టి ఊపిరితిత్తికి పాకే క్యాన్సర్ సంగతి వేరు.

ఎముక లేనిచోట ఎముక ఎలా పుడుతుంది? అమెరికాలో మార్షల్ యూరిస్ట్ 1965లో దీనికి దారి చూపారు. ఎముకలోని ఖనిజమంతా ఆమ్లంతో తీసేసి, మిగిలిన మెత్తటి పదార్థాన్ని జంతువుల కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుట్టింది. భారత సంతతి శాస్త్రవేత్త ఎ. హరి రెడ్డి, నోబెల్ గ్రహీత చార్లెస్ హగిన్స్ 1972లో ఎలుకల్లో ఆ క్రమాన్ని దశలవారీగా వివరించారు. ఆ మిగిలిన పదార్థంలో దాగి ఉన్నవి ఎముకను పుట్టించే బీఎంపీ ప్రోటీన్లు. వాటిలో ఒకటైన బీఎంపీ-2 ఊపిరితిత్తుల క్యాన్సర్ గడ్డల్లో మితిమీరి ఉంటోందని 2003లో తేలింది. గడ్డ విడుదల చేసే ఇలాంటి సంకేతాలకు చుట్టూ ఉన్న మామూలు కణాలు ఎముక కట్టే కణాలుగా మారతాయన్నది ఇప్పుడు బలంగా ఉన్న వివరణ.

రోగికి అసలు చిక్కు ల్యాబ్‌లో వస్తుంది. ఎముక ఉన్న ముక్కను పల్చగా కోయాలంటే ముందు ఆమ్లంలో నానబెట్టి మెత్తబరచాలి. ఘాటైన ఆమ్లం పని తొందరగా ముగిస్తుంది, కానీ డీఎన్ఏను పాడుచేస్తుంది. ఆ డీఎన్ఏ మీదే ఈజీఎఫ్ఆర్ జన్యు పరీక్ష ఆధారపడి ఉంది. ఆ జన్యువులో తగిన మార్పు దొరికితే కీమో బదులు మాత్రతోనే చికిత్స మొదలుపెట్టే వీలుంది. కాబట్టి ఎముక లేని భాగాన్ని పరీక్షకు విడిగా తీసిపెట్టడం, లేదంటే నిదానంగా పనిచేసే ఈడీటీఏ అనే రసాయనం వాడటం మేలు. నాలుగు రోజులు ఆలస్యమైనా సరే.

మొయినాబాద్ మండలంలో భాస్కర్, చేవెళ్లలో పట్నం మహేందర్ రెడ్డి వైద్య కళాశాలలు రావడంతో ఈ దారిలోని ఊళ్లవాళ్లు స్కానింగ్ కోసం ప్రతిసారీ నగరానికి పరుగెత్తనక్కర్లేదు. వెళ్లేటప్పుడు పాత ఫిల్ములు వెంట తీసుకెళ్లాలి. మచ్చ మధ్యలో గుండ్రంగానో, వలయాలుగానో ఉన్న తెలుపు సాధారణంగా హానిలేనిది. ఓ పక్కకు ఒరిగినా, చుక్కలు చుక్కలుగా చెదిరి ఉన్నా అనుమానించాలి. గట్టి మచ్చ రెండేళ్లుగా పెరగలేదని పాత ఫిల్ము చూపితే చాలావరకు సూది గుచ్చే పని తప్పుతుంది. పెరిగిందని చూపితే, ఎంత తెల్లగా ఉన్నా, బయాప్సీ చేయించాలి.