ఎలుకల దశకు డబ్బెవరిస్తారు?

న్యూయార్క్ రాష్ట్రంలో అతివేగంగా బండి నడిపి పట్టుబడినవాళ్లు కట్టే సర్‌చార్జిలో కొంత భాగం వెన్నుపాము పరిశోధన నిధికి పోతుంది. 1998లో ఈ చట్టం చేశారు. ఏటా 85 లక్షల డాలర్ల దాకా ఆ నిధికి మళ్లించవచ్చు. దీనికోసం చట్టసభ చుట్టూ తిరిగినవాళ్లలో ముందు నిలిచింది ఒక మాజీ పోలీసు. 1973లో రోడ్డు మీద ఓ బండిని ఆపినప్పుడు తుపాకీ గుళ్లు తగిలి ఆయన వెన్నుపాము దెబ్బతింది. మరుసటి ఏడాది, 1999లో, న్యూజెర్సీ కూడా ప్రతి ట్రాఫిక్ జరిమానా మీద ఒక డాలరు కలిపి ఇలాంటి నిధినే పెట్టుకుంది. అమెరికాలో కొత్తగా వెన్నుపాము దెబ్బతినేవాళ్లలో పదిమందికి దాదాపు నలుగురు వాహన ప్రమాదాల బాధితులే. నష్టం ఎక్కడి నుంచి వస్తోందో ఖర్చూ అక్కడి నుంచే రాబట్టడం న్యాయంగానే ఉంది. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచింది ఆ డబ్బు ఖర్చయ్యే చోటు. అది తెలియాలంటే ముందు గాయం సంగతి చూడాలి.

వెన్నుపాము మన చిటికెన వేలంత లావు, ఇంచుమించు మూరెడు పొడవు. ఎముక విరిగి నొక్కిన క్షణంలో కొన్ని నాడీకణాలు చనిపోతాయి. అక్కడితో అయిపోదు. తర్వాతి గంటల్లో, రోజుల్లో, వారాల్లో గాయం తనంతట తానే పెరుగుతూ పోతుంది. సన్నటి రక్తనాళాలు చిట్లుతాయి. వాపు వస్తుంది, కానీ చుట్టూ ఎముక గొట్టం ఉండటంతో వాపుకు చోటుండదు, రక్తప్రసరణ పడిపోతుంది. చనిపోతున్న కణాల్లోంచి గ్లుటమేట్ అనే రసాయనం పొంగి, పక్కనున్న మంచి కణాలను కూడా చంపుతుంది. మైలిన్‌ను తయారుచేసే ఒలిగోడెండ్రోసైట్ కణాలు ఈ దాడికి తేలిగ్గా బలైపోతాయి. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగులాగా నాడీతంతువును చుట్టి ఉండే కొవ్వు పొరే మైలిన్. తంతువు తెగకపోయినా ఆ తొడుగు ఊడిపోతే మెదడు పంపిన సంకేతం దారిలోనే ఆగిపోతుంది. చివరికి గాయం మధ్యలో ఒక ఖాళీ, దాని చుట్టూ గట్టిపడిన మచ్చ మిగులుతాయి.

చేతి నరం తెగితే మెల్లగానైనా తిరిగి పెరుగుతుంది. వెన్నుపాములో తంతువు పెరగదు. దానికి ఆ శక్తే లేదని దశాబ్దాల పాటు అనుకున్నారు. 1981లో మాంట్రియల్‌లో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో ఎలుకల కాలి నరం ముక్కను వంతెనగా అతికించి చూశారు. వెన్నుపాము తంతువులు దాని గుండా సెంటీమీటర్ల దూరం పెరిగాయి! శక్తి ఉంది, చుట్టూ ఉన్న పరిసరాలే దాన్ని అడ్డుకుంటున్నాయని తేలింది. జ్యూరిక్‌లో మార్టిన్ ష్వాబ్ ఆ అడ్డంకుల్లో ఒకటైన నోగో-ఎ ప్రోటీన్‌ను పట్టుకున్నాడు. దానికి విరుగుడుగా తయారుచేసిన యాంటీబాడీని యూరోపియన్ యూనియన్ డబ్బుతో మనుషుల మీద పరీక్షించారు. ఆ ఫలితాలు 2024లో వెలువడ్డాయి. అందరినీ కలిపి చూస్తే అనుకున్న లక్ష్యం అందలేదు. వెన్నుపాము పూర్తిగా దెబ్బతినని వాళ్లలో మాత్రం కొంత మెరుగు కనిపించింది. కాలి నరం ముక్క దగ్గర నుంచి అక్కడికి రావడానికి 43 ఏళ్లు పట్టింది. ఏ మందుల కంపెనీ వాటాదారులు అంతకాలం కాచుకుంటారు?

అందుకే తొలి దశల ఖర్చు ప్రభుత్వం మీద పడుతుంది. ఆ ఖర్చు చూడటానికి ఆకర్షణీయంగా ఉండదు. వెన్ను దెబ్బతిన్న ఎలుక తనంతట తాను మూత్రం పోయలేదు. రోజుకు రెండుమూడుసార్లు ఎవరో ఒకరు దాన్ని చేతిలోకి తీసుకుని, పొత్తికడుపు మెల్లగా నొక్కి ఖాళీ చేయాలి. పండగ రోజైనా, ఆదివారమైనా, అర్ధరాత్రైనా ఇది తప్పదు. ఒక్క పూట మానేసినా ఇన్ఫెక్షన్ రావచ్చు, నెలల ప్రయోగం మట్టిలో కలవచ్చు. ఆ తర్వాత దాన్ని తొట్టిలో వదిలి, ఇద్దరు కూర్చుని నడకను 0 నుంచి 21 వరకు ఉన్న కొలమానం మీద అంచనా వేస్తారు. ఆ ఇద్దరికీ ఏ ఎలుకకు ఏ చికిత్స జరిగిందో తెలియకూడదు. ఈ చేతులకు జీతమిచ్చేది ఎవరన్నదే అసలు ప్రశ్న.

కాలిఫోర్నియాలో ఇలాంటి పనికి 1999లో ఒక చట్టం వచ్చింది. 1994లో కాలేజీ ఫుట్‌బాల్ ఆటలో మెడ విరిగిన రోమన్ రీడ్ అనే యువకుడి పేరే దానికి పెట్టారు. రాష్ట్రం ఏటా పదిహేను లక్షల డాలర్లకు అటూ ఇటూగా ఇచ్చేది. కాలిఫోర్నియా బడ్జెట్‌లో అది లెక్కలోకి రానంత చిన్న మొత్తం. అర్వైన్‌లోని విశ్వవిద్యాలయ కేంద్రం దాన్ని పరిశోధకులకు పంచేది. అక్కడ హాన్స్ కీర్‌స్టెడ్ బృందం మానవ పిండ మూలకణాల నుంచి ఒలిగోడెండ్రోసైట్లుగా మారబోయే కణాలను పెంచి, ఎలుకల గాయంలో ప్రవేశపెట్టింది. జెరాన్ అనే కంపెనీ కూడా ఈ పనికి డబ్బు పెట్టింది. 2002 మార్చి 1న రోమన్ తండ్రి డాన్ రీడ్ ఆ ప్రయోగశాలకు వెళ్లి, ఒకప్పుడు చచ్చుబడి మళ్లీ నడుస్తున్న ఎలుకను చేతిలో పట్టుకున్నారు. కొడుకు చక్రాల కుర్చీలో ఉండగా ఆ తండ్రికి అది ఎలాంటి క్షణమో ఊహించుకోవచ్చు.

2005లో అచ్చయిన ఆ పరిశోధనలో అంతకన్నా విలువైన సంగతి ఇంకోటి ఉంది. గాయమైన 7 రోజులకు కణాలు పెట్టిన ఎలుకలు మెరుగుపడ్డాయి. 10 నెలలకు పెట్టిన ఎలుకల్లో మార్పు రాలేదు. అప్పటికి మచ్చ గట్టిపడిపోయింది. తర్వాత మనుషుల మీద జరిగిన పరీక్షల్లో గాయమైన కొద్దివారాల్లోపు వాళ్లనే తీసుకోవడానికి కారణం ఈ ఎలుకలే.

2010 అక్టోబరులో అట్లాంటాలో మొదటి మనిషికి ఈ కణాలు పెట్టారు. ఏడాది తిరిగేసరికి, 2011 నవంబరులో, జెరాన్ చేతులెత్తేసింది. కణాల వల్ల కీడేమీ జరగలేదు. డబ్బును క్యాన్సర్ మందుల వైపు మళ్లించాలన్నది కంపెనీ లెక్క. చికిత్స మూలన పడింది. దాన్ని ఆస్టీరియస్ అనే మరో చిన్న కంపెనీ తీసుకుంటే, 2014లో మళ్లీ కాలిఫోర్నియా ప్రజల డబ్బే, రాష్ట్ర మూలకణ సంస్థ ద్వారా 1 కోటీ 43 లక్షల డాలర్లు, ఆదుకుంది. మెడ దగ్గర గాయమైన 25 మందితో పరీక్ష నడిచింది. ఏడాది తర్వాత 96 శాతం మందిలో శరీరంలో కనీసం ఒక పక్క కండరాల అదుపులో ఒక మెట్టు, దాదాపు మూడోవంతు మందిలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ మెట్లు మెరుగుదల కనిపించింది.

మెట్టు అనగానే చిన్న విషయంలా అనిపిస్తుంది. మెడ గాయంలో అది జీవితాన్నే మార్చేస్తుంది. ఒక మెట్టు కిందికి శక్తి వస్తే మణికట్టు పైకి లేస్తుంది. దాంతో చెంచా ఇరికించుకుని అన్నం తినవచ్చు. ఇంకో మెట్టు వస్తే మోచేయి చాపి శరీర బరువు ఎత్తుకోవచ్చు, మంచం మీంచి కుర్చీలోకి ఎవరి సాయమూ లేకుండా జరగవచ్చు. అయితే ఈ పరీక్షలో చికిత్స లేకుండా పోల్చి చూసేందుకు వేరే బృందం లేదు. తొలి నెలల్లో కొందరు సహజంగానే కొంత కోలుకుంటారు. కాబట్టి కణాలే చేశాయని ఇంకా తేల్చి చెప్పలేం. ఆ తర్వాత ఏడాది నుంచి అయిదేళ్ల పాత గాయాలున్నవాళ్లను కూడా చేర్చుకునే కొత్త పరీక్ష మొదలైంది.

ప్రభుత్వ డబ్బు చేసే ఇంకో పని గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. అచ్చయిన మంచి ఫలితాలను మళ్లీ చేసి చూడటానికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ప్రత్యేకంగా నిధులిచ్చింది. పేరుమోసిన ప్రయోగాలను ఒక్కొక్కటిగా మళ్లీ చేస్తే చాలావాటిలో అదే ఫలితం రాలేదు. ఈ సంగతి 2012లో బయటపెట్టారు. ఇందులో లాభం ఎవరికి? మంచం మీదున్న రోగికి. లేని ఆశ కోసం అతని వెన్నులోకి సూది దిగదు.

చిక్కంతా నిలకడ లేకపోవడంలోనే ఉంది. బడ్జెట్ సంక్షోభంలో కాలిఫోర్నియా రోమన్ రీడ్ చట్టానికి డబ్బివ్వడం ఆపేసింది. ట్రాఫిక్ జరిమానా మీద కాస్త అదనం వేద్దామన్న బిల్లు చట్టం కాలేదు. న్యూయార్క్‌లో కూడా 2010 ప్రాంతంలో నిధి ఆగి, 2013లో కొద్దికొద్దిగా తిరిగి మొదలైంది. ఆ మూడేళ్లలో ఎలుకలను చూసుకునే నేర్పరి ఇంకో ఉద్యోగం చూసుకుంటాడు. అతని చేతిలోని పనితనం కూడా అతనితోనే వెళ్లిపోతుంది.

మన దగ్గర ఈ గాయం పాలయ్యేవాళ్లలో బైకు ప్రమాదాల వాళ్లతో పాటు తాటిచెట్టు మీంచి మోకు జారి పడ్డ గీత కార్మికులు ఉంటారు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో సేఫ్టీ కిట్లు పంచడం మొదలుపెట్టింది. పడకుండా ఆపడం కన్నా మంచి వైద్యం లేదు. కానీ పడిపోయినవాళ్ల కుటుంబాలు పొలం అమ్మి మరీ మూలకణాల చికిత్స చేయించుకోవడం మాత్రం ఆగాలి. వెన్నుపాము గాయానికి మూలకణాలను చికిత్సగా అమ్మడాన్ని 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ఒప్పుకోవు. అనుమతి పొందిన పరీక్షలో భాగంగా మాత్రమే, రోగి దగ్గర డబ్బు తీసుకోకుండా, ఇవ్వాలి.

2023 చివర్లో తెలంగాణలో పేరుకుపోయిన ట్రాఫిక్ చలాన్ల మీద భారీ రాయితీ ఇచ్చి వసూలు చేశారు. వసూలయ్యే ప్రతి చలానాలో ఒక్క రూపాయి న్యూయార్క్‌లో లాంటి వెన్నుపాము నిధికి మళ్లించమని అడగడం అత్యాశ కాదు. వచ్చిన డబ్బుతో ముందుగా పెద్ద ప్రయోగశాల కట్టనక్కర్లేదు, ఒక రికార్డు మొదలుపెడితే చాలు. మనిషి ఎన్ని గంటలకు పడ్డాడు, ఎలా మోసుకొచ్చారు, ఎంతసేపటికి ఆసుపత్రికి చేరాడు, ఏడాది తర్వాత చెంచా పట్టగలుగుతున్నాడా, పుండ్లు పడ్డాయా? అమెరికాలో 1970ల నుంచి కేంద్ర ప్రభుత్వ డబ్బుతో ఈ లెక్కలు రాస్తున్నారు. రేపు ఏ మందు వచ్చినా, అది పనిచేసిందో లేదో తేల్చడానికి పోల్చి చూడాల్సింది ఆ వివరాలతోనే.