అడవిబాటలో నాయకత్వాభ్యాసము

గ్రామపెద్దలారా!

ఊరికి పెద్ద యొకడు కావలయునని అందఱును ఒప్పుకొందురు. ఆ పెద్ద యెట్లు తయారగునో చెప్పుమన్నచో వెంటనే చెప్పగలవారు అరుదు. సేద్యము తండ్రివెంట పొలమునకు పోయి నేర్చుకొనవచ్చును. నేత మగ్గముకడ కూర్చుండి నేర్చుకొనవచ్చును. పదిమందిని కలుపుకొనిపోవుట, సమయోచితముగా నిశ్చయము చేయుట, ఆ నిశ్చయమువలన కలుగు మంచిచెడ్డలకు తానే పూచీపడుట అను విద్యకు బడి యెక్కడ? పుస్తకము చదివి ఈత నేర్చినవాడు లేనట్లే, ఉపన్యాసము విని నాయకుడైనవాడును లేడు. నీటిలో దిగవలయును. దింపినవాడు ఒడ్డున నిలిచి కనిపెట్టి యుండవలయును.

ఇట్టి యభ్యాసమునకై అడవినే బడిగా చేసికొనిన సంస్థ యొకటి అమెరికా సంయుక్తరాష్ట్రములలో, వయోమింగ్ రాష్ట్రమునందలి లాండర్ అను చిన్నపట్టణమున కలదు. దాని పేరు నేషనల్ ఔట్‌డోర్ లీడర్‌షిప్ స్కూలు. సంక్షేపముగా నోల్స్ అందురు. అచ్చటి పద్ధతి మన యూళ్లకు దూరమైనట్లు తోచినను, దానిలోని కీలకము గ్రామపెద్దలకు ఉపయోగించునది గావున నేడు దానిని మనవి చేయుదును.

ముందుగా ఈ యాలోచన ఎట్లు పుట్టినదో వినుడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు వర్తకనౌకలను జర్మనుల జలాంతర్గాములు ముంచివేయుచుండెను. ఓడ మునిగిన పిమ్మట చిన్నపడవలలో కొట్టుకొనిపోవువారిలో, బలిష్ఠులగు యువనావికులకన్న వయసు ముదిరిన నావికులే యెక్కువగా బ్రతికి బయటపడుచున్నారని లారెన్స్ హోల్ట్ అను నౌకాసంస్థ యజమాని అభిప్రాయపడెను. కండబలము యువకులకే హెచ్చు. కష్టమునకు ఓర్చి, తోడివారిని పట్టుకొని, ఆశ విడువకుండుట పెద్దవారికి అనుభవమువలన అబ్బినది. ప్రమాదము రాకముందే ఆ యనుభవమును పడుచువారికి కల్పించుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానముగా 1941లో వేల్స్ దేశమునందలి అబర్‌డోవీ అను తీరగ్రామమున ఔట్‌వర్డ్ బౌండ్ అను శిక్షణాలయము వెలసినది. హోల్ట్ దానికి అండగా నిలువగా, కుర్ట్ హాన్ అను విద్యావేత్త శిక్షణాపద్ధతిని రూపొందించెను. ఈ హాన్ జర్మనీలో హిట్లరును ధిక్కరించి, 1933లో చెఱపాలై, పిమ్మట బ్రిటనునకు వలస వచ్చినవాడు.

ఆ యుద్యమము అమెరికాకు వ్యాపించి, 1962లో కొలరాడో రాష్ట్రమున ఒక శాఖ తెఱవబడినది. అందు పనిచేసినవారిలో పాల్ పెట్‌జోల్డ్ ఒకడు. 1908లో జన్మించిన యితడు, పదునాఱేండ్ల ప్రాయమున, 1924లో, ఒక మిత్రునితో కూడి 13,700 అడుగులకు మించిన గ్రాండ్ టీటన్ శిఖరము నెక్కబూనెను. తగిన దుస్తులు లేవు. కాళ్లకు గుఱ్ఱపుస్వారులు తొడుగుకొను బూట్లు. మంచులో మెట్లు చెక్కుకొనుటకు జేబుకత్తి. మొదటి యత్నము వాతావరణము తిరుగబడుటచే విఫలమైనది. చలిలో నొక రాత్రి గడపి, దిగివచ్చి, మరల యత్నించి శిఖరము చేరిరి. అంతటితో తృప్తిపడక, పెట్‌జోల్డ్ కొండల నెక్కించుటనే తన వృత్తిగా చేసికొని, తెగువకన్న ముందుచూపునకే అందు పెద్దపీట వేసెను. 1938లో కారకోరం శ్రేణిలోని కే-టూ శిఖరమునకు పోయిన అమెరికను యాత్రికులలో నితడొకడు. కొలరాడోలో పనిచేయునప్పుడు ఇతనికొక కొఱత కనబడెను. అడవికి రాదలచిన పడుచువారు అనేకులుండగా, వారిని క్షేమముగా నడపి బోధింపగల మార్గదర్శకులు చాలినంతమంది లేరు. అట్టివారిని తయారుచేయుటకే 1965లో నోల్స్‌ను నెలకొల్పెను.

ఇక అచ్చటి శిక్షణ నడచు విధము చెప్పెదను. లాండరునకు చేరువనున్న విండ్ రివర్ పర్వతములలో 13,000 అడుగులకు మించిన శిఖరములు, మంచుకొలనులు, ఎలుగుబంట్లు తిరుగు అడవులు కలవు. నడుమ ఊళ్లు లేవు, అంగళ్లు లేవు. నెలదినముల శిక్షణకై పోవు జట్టులో శిష్యులు సామాన్యముగా పదునైదుగురికి మించరు. వారివెంట ఇద్దఱు ముగ్గురు మార్గదర్శకులుందురు. గుడారములో తన వంతు, పడక, వంటపాత్రలు, ఆహారము ప్రతివాడును తన వీపుసంచిలోనే మోయవలయును. ఆ బరువు ఇరువది కిలోలు దాటుటయు కలదు. మనిషికి దినమునకు ముప్పాతిక కిలో మొదలు కిలోవఱకు పిండి, బియ్యము, పప్పు, జున్ను మొదలగు సరకు తూచి యిత్తురు. మరల సరకు అందుట సుమారు పదిదినములకొకసారి. మొదటినాళ్లలో దుబారా చేసిన జట్టు తొమ్మిదవనాడు పలుచని గంజితో తృప్తిపడవలసినదే. అక్కడ ఎవరును ఎవరిని దండింప నక్కఱలేదు. అడవి మాటలాడదు, లెక్క మాత్రము తప్పక అప్పగించును.

మొదటి కొన్ని దినములు గురువులు వంట, విడిది, దిక్సూచి, పటము చదువుట, గాయములకు ప్రథమచికిత్స నేర్పుదురు. నీటికి రెండువందల అడుగుల దూరమున బస చేయుట, విడిచిపోవునప్పుడు చెత్త మిగల్చకుండుట కూడ ఆ పాఠములలోనివే. పిమ్మట ప్రతిదినమును శిష్యులలో ఒక్కొక్కరిని ఆనాటి నాయకునిగా నియమింతురు. ఆ నాయకుడు ముందురాత్రియే పటము పఱచుకొని, ఎన్నిగంటలకు బయలుదేరవలయునో, ఎచ్చట నీరు దొరకునో, తుపాను వచ్చినచో ఎచ్చట ఆగవలయునో నిర్ణయింపవలెను. పటముపై ఎత్తులను దెలుపు గీతలు దగ్గఱదగ్గఱగా నున్నచో ఆ చోటు నిటారు; ఎడమెడముగా నున్నచో చదును. పెట్‌జోల్డ్ ఏర్పఱచిన లెక్క యొకటి కలదు. వేయి అడుగుల యెత్తు ఎక్కుట, చదునునేలపై రెండుమైళ్లు నడచుటతో సమానముగా శక్తిని హరించునట. ఐదుమైళ్ల బాటలో రెండువేల యడుగుల ఎక్కుడున్నచో దానిని తొమ్మిదిమైళ్లుగా ఎంచవలయును. ఈ లెక్క వేయక అత్యాశతో బయలుదేరినవాడు చీకటిపడువేళకు అలసిన జట్టుతో రాళ్లనడుమ నిలుచును.

అక్కడ నాయకత్వమును నాలుగు విధములుగా చెప్పుదురు. ఆనాటికి నియమింపబడినవాని నాయకత్వ మొకటి. సమానులనడుమ ఎవరికి కనబడిన యక్కఱను వారు తీర్చుట రెండవది. మేలుకొని అనుసరించుట మూడవది. తన్ను తాను నడపుకొనుట నాల్గవది. వీనిలో మూడవది మన మాలోచింపదగినది. బాట చీలినచోట నాయకుడు తప్పుదారి పట్టుచున్నాడని తెలిసియు నోరు మెదపక, చిక్కు వచ్చిన పిమ్మట నేను ముందే అనుకొంటినని పలుకువాడు అచ్చట మంచి అనుచరుడు కాడు. సందేహమును సకాలమున మర్యాదతో చెప్పుట, చెప్పిన పిమ్మట జట్టు చేసిన నిశ్చయమునకు మనసార తోడ్పడుట అనుచరుని ధర్మము. ఈ ధర్మమెఱిగినవానికే మఱునాడు నాయకత్వము భారము కాకుండును. మన గ్రామసభలలో లోపల మౌనము, అరుగుపై విమర్శ ఎంత చేటు చేయుచున్నవో మీరెఱుగుదురు.

ఏఱు దాటుట ఉదాహరణముగా గైకొందము. మంచుకరగిన నీటితో పాఱు ఏళ్లు వేకువను తగ్గియుండి, ఎండ ముదిరినకొలది పొంగును. కావున దాటవలసిననాడు పెందలకడ లేవవలయును. వీపుసంచికి నడుముకడ నుండు పట్టీని ముందే విప్పవలయును. కాలు జారినచో సంచిని విడిచి ప్రాణము దక్కించుకొనవచ్చును. దిగువన బండలున్నవో, పడిన చెట్లున్నవో చూచి మఱి దిగవలయును. జట్టు ఆలస్యముగా ఏటికి చేరినదనుకొనుడు. నాయకుడు దాటుదమనును. ఒకరు నీరు పెరిగినదందురు. మఱియొకరు ఆకలియని తొందరపెట్టుదురు. మార్గదర్శకుడు ఒకప్రక్క కూర్చుండి అంతయు వినుచుండును. ఆ ఘడియలో పరీక్ష శిష్యునికన్న గురువునకే కఠినము.

ఏలయన, ఆ మార్గదర్శకునికి దాటవలసిన చోటు తెలియును. ఒక్కమాటతో తగవు తీర్చగలడు. కాని ప్రతి ఏటికడను అతడే చెప్పినచో నెల గడచునప్పటికి శిష్యులకు గురువు నోరు చూచుట యలవాటగును. నీటిని చూచుట యలవాటు కాదు. ప్రతి ఏటికడను ఊరకున్నచో ఏదో యొకనాడు శవమును మోసికొని రావలసివచ్చును. కావున అతడు తన్నుతాను ఒక ప్రశ్న వేసికొనును: ఈ పొఱపాటునకు చెల్లింపవలసిన వెల యేమి? తడిసిన బట్టలా, పూటభోజనమా, లేక ప్రాణమా? మొదటి రెండింటికి మౌనము. మూడవదానికి క్షణమైన ఆలస్యము చేయక నిషేధము. ఈ వివేచనమే మార్గదర్శకుని విద్యకు ప్రాణము.

సాయంకాలము విడిది చేరిన పిమ్మట ఆనాటి నడకను విమర్శింతురు. మొదట నాయకుడే తాను సరిగా చేసినదేమో, మాఱ్చవలసినదేమో చెప్పును. తరువాత తోడివారు చెప్పుదురు. నీవు తొందరపాటు మనిషివని నిందించుట తగదు. వెనుకబడినవారు వచ్చి చేరకముందే నీవు మరల బయలుదేరితివి, వారికి విశ్రాంతి దొరకలేదు అని జరిగిన పనిని, దాని ఫలమును చెప్పవలయును. నింద మనిషిని గాయపఱచును; ఇట్టి మాట మఱునాటి నడకను దిద్దును.

చివరి దినములలో శిష్యులు అర్హులని తోచినచో వారిని చిన్నజట్లుగా విభజించి, మార్గదర్శకులు లేకుండ కొన్నిదినములు ప్రయాణము చేయనిత్తురు. బాట నిర్ణయించి, ఏ వేళకు ఎచ్చట కలిసికొనవలయునో వ్రాసికొని విడిపోవుదురు. మొదటినాడు అన్నియు చేసి చూపిన గురువు క్రమక్రమముగా వెనుకకు జరిగి, చివరకు కనుచూపుమేరలో లేకుండ పోవును. శిక్షణ యంతయు ఈ వెనుకకు జరుగుటకొఱకే.

దీనికి ఆక్షేపణములు లేకపోలేదు. కొండలలో పిడుగులు, జారుడురాళ్లు, చలి నిజమైన ప్రమాదములే. ఎంత జాగ్రత్తపడినను అవి పూర్తిగా తొలగవు. అట్టి శిక్షణకు ధనమును కావలయును. మఱియు అడవిలో నేర్చినది ఊరిలో నిలుచునా యని యడుగవచ్చును. ఈ చివరి ప్రశ్నను జాన్ హాటీ మొదలగు పండితులు పరిశీలించి, 96 పరిశోధనముల ఫలితములను కలిపి 1997లో ప్రకటించిరి. ఆత్మవిశ్వాసము, నాయకత్వము మొదలగు విషయములలో కలిగిన వృద్ధి శిక్షణానంతరమును నిలిచెననియు, ఇరువది దినములకు మించిన శిక్షణలు ఎక్కువ ఫలమిచ్చెననియు, అయినను శిక్షణకును శిక్షణకును చాల భేదము కలదనియు వారు తేల్చిరి. అనగా అడవికి పోయినంతమాత్రమున చాలదు. నడపు విధమే ముఖ్యము. అమెరికా అంతరిక్షసంస్థయగు నాసా కూడ 1999 మొదలు తన వ్యోమగాములను జట్టుపని నేర్చుటకై నోల్స్ యాత్రలకు పంపినది.

మన తెలుగుబిడ్డలును కొండబాటలో తమ సామర్థ్యమును చూపినవారే. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామమున వ్యవసాయకూలీల యింట పుట్టిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్‌కుమార్ సాంఘికసంక్షేమ గురుకుల విద్యార్థులు. వారు భువనగిరి గుట్టపై మొదటి పాఠములు నేర్చి, డార్జిలింగులో 1954లో స్థాపింపబడిన హిమాలయ పర్వతారోహణసంస్థలో శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్టు శిఖరము చేరిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. వారి పట్టుదల ఎంత గొప్పదో, బిడ్డలను పంపుటకు ఒప్పుకొనిన తల్లిదండ్రుల గుండెనిబ్బరమును అంత గొప్పది.

గ్రామపెద్దలారా! మన పిల్లల నందఱను కొండలకు పంపుట సాధ్యము కాదు, అవసరమును కాదు. ఊరిలోనే చిన్నయాత్రలు కలవు. పంటకాలువ పూడిక తీయించుట, జాతర జమాఖర్చులు చూచుట, బడితోటకు నీరు పెట్టించుట ఇట్టివే. వీనిని ఒక్కొక్క ఋతువున ఒక్కొక్క పడుచువానికి, పడుచుపిల్లకు నిజముగా నప్పగింపుడు. హద్దులు ముందే చెప్పుడు. చిన్న నష్టమునకు ఓర్చుకొనుడు. పెద్ద ముప్పు వచ్చునప్పుడు వెంటనే అడ్డుపడుడు. పని ముగిసిన సాయంకాలము కూర్చుండి, మొదట వారినే చెప్పనిచ్చి, పిమ్మట మీరు చెప్పుడు. పూచీ యెన్నడును మోయనివానిని పూచీ తెలియనివాడని నిందించుట న్యాయము కాదు.

పిల్లవాడు తడబడునప్పుడు పెద్దవాని నాలుక దురదపెట్టును. ఆ దురదను ఓర్చుకొనుట కష్టము. అది ఓర్చుకొనిన పెద్ద, తన తరువాతను ఊరు నడచునట్లు చేసిపోవును. అన్నియు తానే చేసిన పెద్ద ఎంత సమర్థుడైనను, అతడు లేనినాడు ఊరు ఏటియొడ్డున నిలిచి అతని నోటిమాటకై ఎదురుచూచుచుండును. కావున అప్పగింపవలసినవారు మనముండగనే అప్పగింపవలెనని విన్నవించి, ఈ ప్రసంగము ముగించుచున్నాను.