గుమ్మటం ఎటు పోయింది టీచర్?

మన రాజధాని ఏదంటే ఒకటో తరగతి పిల్లాడైనా ఢిల్లీ అని ఠక్కున చెప్పేస్తాడు. అక్కడెందుకు, ఎవరు కట్టారు అంటే మాత్రం పదో తరగతి వాళ్లూ బిక్కమొహం వేస్తారు. 1911 డిసెంబరు 12న ఐదో జార్జి చక్రవర్తి రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించాడు, 1931లో కొత్త నగరానికి ప్రారంభోత్సవం జరిగింది... ఇంత చెప్పి ఊరుకుంటే వాళ్లకేం గుర్తుంటుంది?

అందుకే ఈ పాఠం రోజు నేను క్లాసుకి ఒక పీట, ఒక చిన్న గిన్నె పట్టుకెళ్తాను. టేబుల్ మీద పుస్తకాలు పేర్చి, వాటికి పీటని ఏటవాలుగా ఆనిస్తాను. పుస్తకాల మీద బాగా వెనక్కి గిన్నె బోర్లిస్తాను. వంగి దూరం నుంచి చూస్తే గిన్నె కనిపిస్తుంది. పీట మొదటికొచ్చి చూస్తే మాయం! పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ చూస్తారు.

రైసినా కొండ మీద జరిగిందీ ఇదే. వైస్రాయి భవనం, అంటే ఇప్పటి రాష్ట్రపతి భవన్, నమూనా గీసింది లుట్యెన్స్. దాని ముందున్న రెండు సచివాలయ భవనాలు బేకర్‌వి. అవీ కొండమీదే ఉండాలని బేకర్ పట్టుబట్టడంతో వైస్రాయి ఇల్లు వెనక్కి జరిగింది. ఇండియా గేట్ వైపు నుంచి వస్తుంటే కనిపించే గుమ్మటం, విజయ్ చౌక్ దగ్గరికొచ్చేసరికి వాలు చాటుకి దిగిపోతుంది. ఆ వాలు మార్చమని లుట్యెన్స్ ఏళ్ల తరబడి మొత్తుకున్నాడు. (మొదట తానూ సరేనన్నవాడే అనుకోండి!) సర్కారు వినలేదు. మిత్రులిద్దరికీ చెడింది.

కిందటిసారి ఈ గొడవంతా విని వెనక బెంచీ అమ్మాయి లేచింది. "ముందు ఆ కొండ ఎవరిది టీచర్?"

చెప్పాను. రైసినా, మాల్చా అనే ఊళ్లుండేవక్కడ. 1894 నాటి భూసేకరణ చట్టం కింద భూములు తీసుకున్నారు. రైతులు ఇళ్లూ పొలాలూ వదిలి పోవాల్సి వచ్చింది. ఇప్పుడు మ్యాపులో రైసినా రోడ్డు, మాల్చా మార్గ్ అని పేర్లు కనిపిస్తాయి.

మా బడిలో ప్రాజెక్టు ముంపు గ్రామాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు చాలామందే ఉన్నారు. "మా నాయనమ్మ వాళ్ల ఊరూ అంతే టీచర్, బస్‌స్టాపు పేరొక్కటే మిగిలింది" అందా పిల్ల. క్లాసంతా కాసేపు కిక్కురుమనలేదు.

ఇదంతా పరీక్షలో వస్తుందా అని ఒక తల్లి అడిగింది. రాదమ్మా అన్నాను. వచ్చే వారం మరో పీరియడ్ తీసుకుని, పిల్లలచేత ఇళ్లల్లో పెద్దవాళ్లనడిగి పాత ఊళ్ల మ్యాపులు గీయిస్తున్నాను.