మినియేచర్ గులాబీ ఆకులపై జిగురు: కారణ నిర్ధారణ, నివారణ

కుండీలలో పెంచే మినియేచర్ గులాబీలలో ఆకుల పైభాగం నూనె రాసినట్లు మెరుస్తూ, తాకిన వేలికి అంటుకోవడం చలికాలం చివరి రోజులలో తరచుగా కనిపించే సమస్య. కొద్ది రోజులకు అవే ఆకులు నల్లబారుతాయి. పెంపకందారులలో చాలామంది దీనిని తెగులుగా భావించి శిలీంద్రనాశినులను పిచికారి చేస్తారు. జిగురు మాత్రం తగ్గదు. దీనికి మూలకారణం శిలీంద్రం కాదు, రసం పీల్చే పురుగు. పైగా ఆ పురుగు జిగురు పట్టిన ఆకుపైనే ఉండాలన్న నియమం లేదు.

మొక్కలో ఆహారాన్ని మోసే నాళాలలోని రసంలో చక్కెరలు ఎక్కువ, అమైనో ఆమ్లాలు తక్కువ. తమ పెరుగుదలకు అవసరమైన అమైనో ఆమ్లాల కోసం ఈ పురుగులు అవసరానికి మించి రసాన్ని పీల్చి, మిగులు చక్కెరను నీటితో కలిపి బిందువులుగా విసర్జిస్తాయి. దీనినే తేనెమంచు అంటారు. ఈ బిందువులు క్రింది ఆకుల పైభాగాన రాలతాయి. కాబట్టి జిగురు కనిపించిన ఆకును కాక, దానికి పైనున్న ఆకుల అడుగుభాగాన్ని, లేతచిగుళ్లను, మొగ్గల తొడిమలను పరిశీలించాలి. కుండీ అంచు, కిటికీ అద్దం, గచ్చు కూడా జిగటగా ఉన్నట్లయితే అనుమానం బలపడుతుంది. కొమ్మలపై చీమలు బారులు తీరి ఉంటే అవి ఎక్కడ ఆగుతున్నాయో గమనించడం అన్నిటికంటే సులభమైన పద్ధతి.

తేనెమంచుపై పెరిగే నల్లని శిలీంద్రమే మసి తెగులు. ఇది ఆకు కణజాలంలోకి చొచ్చుకొని పోదు; వెలుతురును అడ్డుకొని కిరణజన్య సంయోగక్రియను మందగింపజేస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే మసి వదిలి, అడుగున పచ్చని ఆకు కనిపిస్తుంది. తుడిచినా పోని, అంచులు చీలికలుగా ఉండి చుట్టూ పసుపు వర్ణం గల మచ్చలైతే అది నల్లమచ్చ తెగులు. దాని చికిత్స వేరు.

గులాబీపై తేనెమంచుకు ప్రధాన కారకం పేనుబంక. ఆకుపచ్చ లేదా లేత గులాబీ వర్ణంలో గుంపులుగా చిగుళ్లను ఆశ్రయిస్తుంది. విడిచిన తెల్లని పొరలు ఆకులపై దుమ్ములా కనిపిస్తాయి. ఆడపురుగులు మగవాటితో కలయిక లేకుండానే పిల్లలను పెట్టగలవు గనుక పదిరోజులలోనే కొద్దిపాటి గుంపు కొమ్మనంతా కప్పివేయగలదు. కణుపుల వద్ద దూదివంటి ముద్దలుంటే అది పిండినల్లి. కొమ్మను కదిపినపుడు తెల్లని చిన్న పురుగులు లేస్తే తెల్లదోమ. మెత్తని పొలుసు పురుగులు కూడా తేనెమంచును విడుస్తాయి. కానీ గులాబీ కాండాన్ని పెచ్చులుగా కప్పే గట్టి కవచపు పొలుసు పురుగు, ఆకుల అడుగున గూళ్లు అల్లే ఎర్రనల్లి దీనిని విసర్జించవు. అవి ఉన్నచోట జిగురు కూడా ఉన్నట్లయితే మరొక పురుగు కోసం వెదకవలసిందే.

రెండు సందర్భాలలో మొక్కపై పురుగే కనిపించదు. మొదటిది, కుండీకి పైన ఉన్న చెట్టు. మామిడి పూతకాలంలో తేనెమంచు పురుగు ఆశించిన చెట్టు క్రింద ఉంచిన కుండీలన్నీ జిగురు పడతాయి. అక్కడ గులాబీకి ఎన్ని మందులు కొట్టినా వృథా. కుండీని జరిపితే చాలు. రెండవది, మాస్ గులాబీల నుండి రూపొందిన మినియేచర్ రకాలలో మొగ్గల రక్షకపత్రాలపై సహజంగా ఉండే గ్రంథి కేశాల జిగురు. ఇది మొగ్గలకు, తొడిమలకే పరిమితమై, నలిపితే సువాసన ఇస్తుంది. దీనికి చికిత్స అక్కరలేదు.

పేనుబంక ఉన్నట్లు తేలితే ఉదయం పూట నీటిధారతో చిగుళ్లను, ఆకుల అడుగుభాగాన్ని రెండు మూడు రోజుల పాటు కడగాలి. చిన్న మొక్కలలో ఇది చాలాసార్లు సరిపోతుంది. ధార బలానికి కొమ్మలు విరగకుండా చేత్తో ఆనించి పట్టుకోవాలి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, 1 మి.లీ. ద్రవపు సబ్బు కలిపి సాయంత్రం వేళ పిచికారి చేయాలి. ముందుగా ఒక కొమ్మపై చల్లి 24 గంటలు వేచి చూడటం మంచిది. ఎండవేళ చల్లితే ఆకులు మాడుతాయి. తాకిన పురుగునే చంపుతుంది గనుక వారం వ్యవధిలో మరో రెండుసార్లు చల్లాలి. పిండినల్లిని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో ఒక్కొక్కటిగా తుడిచివేయాలి.

చీమలను అదుపు చేయకుంటే మిగిలిన శ్రమ సగం వ్యర్థం. తేనెమంచు కోసం అవి అక్షింతల పురుగులను, వాటి పిల్లపురుగులను తరిమి పేనుబంకను కాపాడతాయి. కుండీ కాళ్లను నీటి పళ్లెంలో ఉంచితే దారి తెగుతుంది. నత్రజని ఎరువు మితిమీరితే లేతచిగుళ్లు విరివిగా వచ్చి పేనుబంకను ఆకర్షిస్తాయి.

ఇమిడాక్లోప్రిడ్ వంటి అంతర్వాహిక మందులను సిఫారసు చేయడం మా అభిప్రాయంలో కుండీ గులాబీకి తొందరపాటు. తేనెటీగలకు హాని కలుగుతుంది. ఎర్రనల్లి ఉధృతి పెరిగే అవకాశం ఉంది. రేకులను తినే ఇంట అసలే పనికిరాదు.

చికిత్స ఫలించినదీ లేనిదీ పాత ఆకులను చూసి నిర్ణయించరాదు. వాటిపై ఎండిన జిగురు తుడిచే వరకు అలాగే ఉంటుంది. ఆకులను తుడిచి, మొక్కను రెండు వారాల పాటు మిగిలిన కుండీలకు దూరంగా ఉంచి, కొత్త చిగురు క్రింది ఆకులు పొడిగా ఉన్నవో లేదో వేలితో తాకి చూడాలి.